విద్యుత్తును దాచు పలుచని పొర



భాష చెప్పుకొని బ్రతికిన పండితునకు విద్యుత్తుతో నేమి పని యని మీలో కొందఱకు తోచవచ్చును. నేను రాజంపేట చుట్టుపట్ల పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున గురువుల కడ అమరమును, కావ్యములను, కొంత వ్యాకరణమును జదివితిని. ప్రయోగశాలలో పనిచేసినవాడను గాను. ఐనను చరిత్ర యనగా రాజుల పేర్లును, యుద్ధముల తేదీలును మాత్రమే కాదు. మనము నిత్యము చేతబట్టు వస్తువులకును చరిత్ర కలదు. ఒక వస్తువును ఎవరు చేసిరి, ఏ యవసరమునకు చేసిరి, నడుమ నేమి చిక్కు వచ్చెను, దాని నెట్లు దాటిరి యని విచారించుటయు చరిత్రయే. నేడు మన జేబులలో, గడియారములలో, కొందఱ గుండెలకడ గూడ నున్న లిథియపు బ్యాటరీకి అట్టి చరిత్ర యున్నది. అందులో ఒక చిన్న యధ్యాయము మన పొరుగున తిరుపతిలో వ్రాయబడినది. అది మనవారిలో పెక్కురకు తెలియదు. దానిని మీకు విన్నవించుటయే నా యుద్దేశము.

మనకు బాగుగా తెలిసిన సంగతితో మొదలుపెట్టెదను. తాళ్లపాక మన రాజంపేటకు కూతవేటు దూరమున నున్నది. అన్నమాచార్యులవారు ఆ గ్రామమున జన్మించి తిరుమల కొండ చేరిరి. వారి సంకీర్తనములను కుమారులు పెదతిరుమలాచార్యులవారు రాగిరేకులపై చెక్కించి ఆలయమందలి సంకీర్తన భాండాగారమున భద్రపఱచిరి. రేకులు చెడలేదు, అక్షరములు చెడలేదు. కాని కొన్ని శతాబ్దములపాటు వానిని తీసి చదివినవారు లేకపోయిరి. 20వ శతాబ్దమున దేవస్థానమువారు పండితులచే వానిని పరిష్కరింపజేసి యచ్చువేయించిన పిమ్మటనే ఆ పాటలు మరల జనుల నోట బడినవి. దాచుట యొక పని. దాచినదానిని చెడకుండ మరల వెలికి దీయగలుగుట మఱొక పని. బ్యాటరీ చరిత్ర యంతయు ఈ రెండవ పనికొఱకు పడిన పాట్ల చరిత్ర.

ఇటలీ దేశస్థుడగు వోల్టా 1800వ సంవత్సరమున వెండి బిళ్లలను, తుత్తునాగపు బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన గుడ్డముక్కల నుంచి, ఎడతెగక పాఱు విద్యుత్తును మొదటిసారి లోకమునకు జూపెను. 1866లో ఫ్రాన్సు దేశస్థుడగు లెక్లాంచి యనునతడు తుత్తునాగమును, మాంగనీసు డయాక్సైడను నల్లని పొడిని జేర్చి ఘటమును నిర్మించెను. మన చిన్ననాటి టార్చిలైటు సెల్లు దాని సంతతిలోనిదే. ట్రాన్సిస్టరు రేడియో ఊరి కొకటి రెండు మాత్రమే యున్న దినములలో, సెల్లులు నీరసించినప్పుడు వానిని ఎండలో బెట్టి మరల వాడుకొన్నవారము మనమందఱము. సెల్లు పగులగొట్టి లోపలి బొగ్గుకడ్డీతో పలకలపై గీతలు గీసిన పిల్లలలో నేనును నొకడను. ఆ కడ్డీ చుట్టును నల్లగా చేతికంటు పొడి యుండెడిది. చేతులు మసి యగుటచే దానిని మనము పాఱవైచితిమి. నిజమునకు సెల్లులో అసలైన పని చేసినది ఆ నల్లని పొడియే. కడ్డీ కేవలము విద్యుత్తును పైకి జేరవేయు దారి. ఆ పొడి యుండు చోటిని ధనధ్రువ మందురు. శాస్త్రజ్ఞులు కాథోడని వ్యవహరింతురు. ఈ ప్రసంగమునకు నాయకుడు ఆ ధనధ్రువ పదార్థమే.

టార్చి సెల్లు ఒకసారి యయిపోయిన నయిపోయినట్లే. ఎండ దానికి కొంత యూపిరి నిచ్చునే గాని ప్రాణము పోయదు. మరల మరల నింపుకొనదగిన ఘటమును 1859లో ప్లాంటే యను ఫ్రెంచివాడు సీసపు పలకలతోను, గంధకికామ్లముతోను జేసెను. లారీలలో, ట్రాక్టర్లలో, ఇన్వర్టర్లలో నేటికిని నడచునది అదియే. ఈ సీసపు బ్యాటరీలకు మన ప్రాంతముతో సంబంధము కలదు. 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ తిరుపతి చెంత కరకంబాడిలో వీనిని జేయుచు పేరొందినది. మఱి మన మంగంపేట ముగ్గురాయి యున్నది గదా. ప్రపంచ ప్రసిద్ధమైన ఆ గనులనుండి త్రవ్విన రాయి చాలవఱకు చమురు బావులు తొలుచు పనికి దేశాంతరములకు బోవును. ముగ్గురాయి యనగా బేరియము సల్ఫేటు. సీసపు బ్యాటరీల ఋణపలకలలో పలుక గట్టిపడి మొద్దుబాఱకుండుటకై బేరియము సల్ఫేటును కొలదిగా కలుపుట లోకమంతట వాడుక. మనము వాకిట ముగ్గుగా నెఱిగిన రాతికి ఇట్టి పనియు గలదని తెలిసికొనుట మంచిది.

ఇక లిథియము. 1817లో స్వీడను దేశమున ఆర్ఫ్వెడ్సన్ అనునతడు ఒక రాతిని శోధించుచు ఈ మూలకమును కనుగొనెను. గ్రీకు భాషలో లిథోస్ అనగా రాయి. రాతిలో దొరకినది గావున లిథియ మనిరి. లోహము లన్నిటిలోను ఇదియే మిక్కిలి తేలికయైనది. దీని సాంద్రత నీటిలో సగము మాత్రమే. నీరు తగిలిన ఊరకుండక బుసబుసమని పొంగి హైడ్రోజనును విడుచును. తన ఎలక్ట్రానును పరులకిచ్చుటకు దీనికున్న తొందర మఱి యే లోహమునకును లేదు. ఆ తొందరయే ఎక్కువ వోల్టేజికి మూలము. 1972లో గుండె సవ్వడిని సరిచేయు పేస్‌మేకరు యంత్రమున లిథియమును, అయొడిను గల ఘటమును మొదట నమర్చిరి. లోపల కాఱిపోవు ద్రవము లేదు గనుక అది రోగి దేహమున ఏండ్లతరబడి నమ్మకముగా పనిచేసెను. ఐనను అదియు మరల నింపుటకు వీలుకాని ఘటమే.

లిథియమును మరల మరల వాడుటెట్లు? ఇక్కడ ఒక గృహస్థధర్మమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. అతిథి వచ్చును, కొంతసేపు విశ్రమించును, వెడలిపోవును. ఇల్లు మాత్రము చెక్కుచెదరక నిలుచును. రేపటి యతిథికి అదే చోటు సిద్ధముగా నుండును. లిథియపు ఘటములో ధనధ్రువ మట్టి యిల్లు. లిథియపు అయానులు అతిథులు. ఆ పదార్థమున అణువులు వరుసలుగా నమరి, నడుమ సందు లేర్పడియుండును. ఆ సందులలోనికి లిథియము వచ్చి చేరును, మరల బయలుదేరును. శాస్త్రజ్ఞులు సైతము ఈ పదార్థమును ఆతిథేయి యనియు, లిథియమును అతిథి యనియు వ్యవహరించుట కలదు.

ఇంకొక కిటుకు కలదు. లిథియము ఋణధ్రువమునుండి బయలుదేరునపుడు రెండు భాగము లగును. ధనావేశము గల అయాను లోపలి దారిని, అనగా విద్యుద్విశ్లేష్యము గుండ, ధనధ్రువమును జేరును. దాని ఎలక్ట్రానునకు ఆ దారి మూసియుండును. అది వెలుపలి తీగమీదుగా, ఊరు చుట్టివచ్చినట్లు, తిరిగి రావలెను. అట్లు తిరిగివచ్చు త్రోవలోనే దానిచేత మనము దీపము వెలిగించుకొందుము, మాట వినుకొందుము. బ్యాటరీ రహస్య మింతియే.

ఇట్టి యిల్లు కట్టుటకు 1970ల దశకమున అమెరికాలో విటింగ్‌హామ్ అనునతడు టైటానియము, గంధకముల సమ్మేళనమును వాడెను. అతిథులు చక్కగా వచ్చి పోయిరి. కాని వోల్టేజి రెండున్నరకు మించలేదు. పైగా ఋణధ్రువమున నున్న శుద్ధ లిథియము నింపినప్పుడెల్ల ముండ్లవలె మొలచి, నడిమి పొరను చీల్చి, నిప్పు రేపుచుండెను. 1980లో ఆక్సుఫర్డులో గుడినఫ్ పండితుడు తన సహచరులతో గూడి లిథియము కోబాల్టు ఆక్సైడును పరీక్షించి నాలుగు వోల్టులు సాధించెను. 1985లో జపానున యోషినో ఋణధ్రువమున శుద్ధ లోహమునకు బదులుగా కర్బన పదార్థము నుంచి ప్రమాదమును తగ్గించెను. 1991లో సోనీ సంస్థ ఆ బ్యాటరీని అంగడికి దెచ్చెను. 2019లో ఈ ముగ్గురకును రసాయనశాస్త్రపు నోబెల్ బహుమాన మొసగబడెను. గుడినఫ్ ఆ కోబాల్టు పదార్థమును కనుగొనునాటికి ఏబదియైదేండ్లు దాటియుండెను. బహుమానమందునాటికి 97 ఏండ్లవాడు. 2023లో నూఱేండ్లు నిండిన పిదప గతించెను. వయసు మీఱినదని పుస్తకము మూయు మనవంటివారు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

ఇంతవఱకు చెప్పినది పొడులతో జేసిన బ్యాటరీల కథ. ధనధ్రువపు పొడిని జిగురుతోను, బొగ్గుపొడితోను కలిపి, రేకుపై దట్టముగా పూయుదురు. ఇక పలుచని పొర యొక్క కథ. ఇత్తడి పాత్రకు కళాయి పూయుట మీరు చూచియున్నారు. కొలిమిపై పాత్రను కాచి, నవసాగరము చల్లి, చిటికెడు తగరమును గుడ్డతో ఒక్కసారి త్రిప్పిన, లోపలంతయు వెండివలె మెఱయును. పని చేయునది ఆ పలుచని పొరయే. పాత్ర దానికి ఆధారము మాత్రము. అట్లే ధనధ్రువ పదార్థమును జిగురు లేకుండ, బొగ్గు లేకుండ, శుద్ధముగా ఒక పలకపై పొరగా నిలిపిన నెట్లుండును?

ఆ పొర మందమును మైక్రానులలో కొలుతురు. మిల్లీమీటరులో వేయవ భాగము మైక్రాను. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాను లుండును. ధనధ్రువపు పొర ఒకటి రెండు మైక్రానులు మాత్రమే. ఇంత పలుచన యేల యనిన, ఘనపదార్థములో లిథియము నడక మిక్కిలి మందము. అది నడువవలసిన దూరము రెట్టింపైన కాలము రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును. దూరము పదిరెట్లైన కాలము నూఱురెట్లు. కనుక పొర పలుచనైన కొలది అతిథి త్వరగా లోపల జేరును, త్వరగా వెలికి వచ్చును. మఱొక లాభము పరిశోధకునకు. జిగురు, బొగ్గు కలిసిన ముద్దలో ఏ గుణము దేనిదో తేల్చుట కష్టము. శుద్ధమైన పొరలో పదార్థము తన స్వభావమును దాచలేదు.

1983లో జపాను హిటాచీ పరిశోధకులు టైటానియము సల్ఫైడు పొరతో ఇట్టి సన్నని ఘటమును ప్రకటించిరి. 1990ల యారంభమున అమెరికాలోని ఓక్‌రిడ్జి జాతీయ ప్రయోగశాలలో జాన్ బేట్సును, అతని సహచరులును ముఖ్యమైన చిక్కును విప్పిరి. వారు లిథియము ఫాస్ఫేటును నైట్రోజను వాయువులో పొరగా దింపి ఘన విద్యుద్విశ్లేష్యము నొకదానిని సృజించిరి. దానికి లైపాన్ అని పేరు. అది గాజువంటిది, అయానులకు దారి యిచ్చును, ఎలక్ట్రానులకు ఈయదు, లిథియపు ముండ్లను అడ్డగించును. దానిపై వెనేడియము, మాంగనీసు, కోబాల్టు ఆక్సైడుల పొరలను పరీక్షించి, మొత్తము 15 మైక్రానులకు లోబడిన మందముతో వేలకొలది మాఱులు నింపదగిన ఘటములను వారు చేసిరి.

ఇప్పుడు మన తిరుపతికి వత్తము. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో స్థాపితమైనది. మన సీమ బిడ్డలు రేణిగుంట దారిని రైలెక్కి పోయి చదువుకొనుటకు వీలైన పెద్ద చదువుల బడి అది. అచ్చటి భౌతికశాస్త్ర విభాగమున పలుచని పొరల పరిశోధన వేళ్లూనినది. ఓ. ఎం. హుస్సేన్ ఆచార్యులవారు పారిస్ నగరమందలి క్రిస్టియన్ జూలియన్ అను పండితునితో గూడి లిథియపు చిఱు బ్యాటరీలకు దగిన పొరలను శోధించిరి. 1995లో మాలిబ్డినము ఆక్సైడు పొరలను గూర్చి వారు ప్రకటించిన పత్రిక కలదు. 1997లో సి. వి. రమణ, ఓ. ఎం. హుస్సేన్, బి. శ్రీనివాసులు నాయుడు, పి. జె. రెడ్డి అను నలుగురు తిరుపతినుండి వెనేడియము పెంటాక్సైడు పొరలను గూర్చి వ్రాసిరి. పేరు విని పొరపడకుడు. ఈ రమణగారు నోబెల్ బహుమానమందిన చంద్రశేఖర వేంకట రామన్‌గారు గారు. ఐనను సంబంధము లేకపోలేదు. 1928లో రామన్‌గారు కనుగొన్న కాంతి పరిక్షేపణముచేతనే ఇట్టి పొరలలో అణువు లెట్లు బంధింపబడినవో పరీక్షింతురు. 2007 ప్రాంతమునకు తిరుపతివారు లిథియము మాంగనీసు ఆక్సైడు పొరలను లేసరు కాంతితో దింపి వాని గుణములను ప్రకటించిరి.

వారు వాడిన పద్ధతులు వినదగినవి. మొదటిది తటాలున ఆవిరి చేయుట. గాలి తీసివేసిన గాజు గిన్నెలో ఒక లోహపు దొన్నెను ఎఱ్ఱగా కాచి, దానిపై పొడిని చిటికెడు చిటికెడుగా రాల్తురు. నిప్పులపై సాంబ్రాణి చల్లినట్లు పొడి పడిన వెంటనే ఆవిరియగును. ఆ యావిరి ఎదుటి పలకపై చేరి పొర కట్టును. రెండవది ఎలక్ట్రానుల ధారను పదార్థముపై గ్రుమ్మరించి కరగించుట. మూడవది లేసరు. గట్టిగా నొత్తి కాల్చిన బిళ్లపై లేసరు కాంతి చిటుకు చిటుకున పడగా, దెబ్బ దెబ్బకు ఒక రేణుమేఘము లేచి పలకపై వాలును.

చెప్పుట కిది సులువు. చేయుటలో చిక్కులు గలవు. శూన్యములో ఆవిరియగునపుడు ఆక్సైడు తన ఆక్సిజనును కొంత గోల్పోవును. ఇటుకలు ఊడిన గోడవలె పొర లోపభూయిష్టమగును. అందుచే లోనికి కొలతప్రకారము ఆక్సిజనును విడువవలెను. లిథియము తేలికది గావున లేసరు దెబ్బకు కొంత యెగిరిపోవును. అందుచే బిళ్లలో ముందుగనే లిథియము నెక్కువ కలుపుదురు. పప్పులో నీరు మరిగిపోవునని యిల్లాలు ముందుగ ఒక గ్లాసు ఎక్కువ పోసినట్లన్నమాట. పలక చల్లగానున్న పొర అడ్డదిడ్డముగ కట్టును. తగినంత కాచిన అణువులు వరుస దీరి స్ఫటికము లగును. కోబాల్టు పొరను పోసిన పిదప సుమారు 700 డిగ్రీల వేడిమిలో కాల్చుట ఓక్‌రిడ్జివారి పద్ధతి. అంత వేడిమికి తాళగల పలకలు కొన్నియే. లేసరు పద్ధతిలో అంతకంటె చాల తక్కువ వేడిమికే స్ఫటికములు సిద్ధించుటవలన దానిపై పరిశోధకుల కాసక్తి కలిగినది. వేడిమి యెంత, ఆక్సిజ నెంత, పలక యేది యని ఒక్కొక్కటిగా మార్చి మార్చి, ప్రతి పొరను కొలిచి చూచుటయే వారి తపస్సు.

ఇన్ని పదార్థములేల, ఒకటి చాలదా యని మీరడుగవచ్చును. ఏ యింటి గుణము ఆ యింటిదే. లిథియము కోబాల్టు ఆక్సైడు అంతస్తుల మేడ. అతిథులు అంతస్తుల నడుమ చక్కగా తిరుగుదురు. కాని సగముమంది వెడలినంతవఱకే మేడ క్షేమము. అంతకు మించి ఖాళీచేసిన కుంగిపోవును. కోబాల్టు వెలయు నెక్కువ, దొరకు చోట్లును తక్కువ. లోకమునకు వలసినదానిలో అధికభాగము ఆఫ్రికాలోని కాంగో దేశమునుండి వచ్చుచున్నది. మాంగనీసు ఆక్సైడు మూడు దిక్కులకును వాకిళ్లు గల యిల్లు. చౌకయైనది, విషము తక్కువ. మన టార్చి సెల్లులోని నల్లపొడికి చుట్టమే. విజయనగరము జిల్లాలో గరివిడి, చీపురుపల్లి ప్రాంతమున మాంగనీసు గనులు గలవు గావున అది మనకు పరాయిది కాదు. దానికి గల కొఱత యేమనగా, ద్రవ విద్యుద్విశ్లేష్యమున, విశేషించి వేడిమిలో, మాంగనీసు కొంచెము కొంచెముగా కరగిపోవును. మన సీమ ఎండలకు ఈ లోపము చిన్నది కాదు. ఘన విద్యుద్విశ్లేష్యముతో ఆ బాధ తగ్గును. వెనేడియము ఆక్సైడు పెక్కుమంది అతిథులకు తావీయగల యిల్లు. ఐతే కట్టినపుడు ఖాళీగా నుండును. కనుక లిథియమును ఎదుటి ధ్రువమున ముందే యుంచవలెను. ఒక్కొక్కదాని మేలును, కీడును తూచి చెప్పుటయే ఈ పరిశోధనల ఫలము.

మనవారు దేశాంతరములందును ఈ విద్యలో పేరొందిరి. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమున బి. వి. ఆర్. చౌదరి, జి. వి. సుబ్బారావుగార్లు ఘనపదార్థములలో అయానుల నడకను గూర్చి చాలకాలము కృషిచేసిరి. ఎం. వి. రెడ్డిగారితో గూడి వారు 2013లో లిథియపు బ్యాటరీల ఋణధ్రువ పదార్థములపై వెలువరించిన బృహద్వ్యాసమును లోకమందలి పరిశోధకులు విరివిగా నుదాహరించుచున్నారు. వారు ఋణధ్రువమును, తిరుపతివారు ధనధ్రువమును శోధించిరి. రెండును గూడిననే ఘటము.

ఈ పలుచని పొర వలన ప్రయోజనమెంత యని లెక్క చూచుకొనుట న్యాయము. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యము, ఒక మైక్రాను మందము గల కోబాల్టు ఆక్సైడు పొర సుమారు 69 మైక్రోయాంపియరు గంటల విద్యుత్తును దాచగలదు. చేతిగడియారము సుమారు ఒక మైక్రోయాంపియరును వాడుననుకొన్న, దాదాపు మూడు దినములు నడచును. మన చేతిలోని సెల్‌ఫోను బ్యాటరీ దాచునది 5,000 మిల్లీయాంపియరు గంట లనుకొన్న, అది ఈ పొరకు డెబ్బదివేల రెట్లకు పైబడిన దగును. కావున పలుచని పొర ఫోనును గాని, మోటారు బండిని గాని నడుపుటకు పుట్టినది కాదు. దాని స్థానము వేఱు. దేహములో నమర్చు చిన్న యంత్రములు, నేలలోని చెమ్మను, గాలిలోని వేడిమిని, నీటిమట్టమును కొలిచి దూరమునకు కబురంపు గుర్తింపు పరికరములు, ఇట్టివానికి దాని యుపయోగము. పగలు చిన్న సౌరఫలకము దానిని నింపును. రాత్రి అది పరికరమును మేలుకొలిపి యుంచును.

మనబోటి కరవుసీమకు ఇట్టి పరికరముల విలువ తక్కువ కాదు. నేలలో చెమ్మ యెంత మిగిలినదో తెలిసిననాడు రైతు ఒక తడిని మిగుల్చుకొనవచ్చును. కరవొక్కటియే కాదు, వరదయు మన కనుభవమే. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, దిగువ పల్లెలలో జరిగిన ప్రాణనష్టమును మన మింకను మఱవలేదు. ఏ పరికరమును ఒంటరిగా కట్టను నిలుపలేదు; మనుష్యుల జాగరూకతయే ముఖ్యము. కాని నీరు లేచుచున్నదని, మట్టి నానుచున్నదని రాత్రింబవళ్లు చెప్పు చిన్న కావలివాడు ఎక్కడనైన మేలే చేయును. ఆ కావలివానికి ఆహారము ఈ చిన్న ఘటము.

ఇచ్చట నాకు తోచిన విచారము నొకదానిని మనవి చేసెదను. తిరుపతిలో పొరలను గూర్చి పరిశోధన మొదలై ముప్పదియేండ్లాయెను. ఆ ఫలములు ఇంగ్లీషు పత్రికలలో దేశదేశములకు బోయినవి. లిథియపు సెల్లులను జేయు కర్మాగారమును మన ప్రాంతమునకు వచ్చినది. తిరుపతి ఎలక్ట్రానిక్సు కేంద్రములో మునోత్ సంస్థవారు 2022 సెప్టెంబరులో పరీక్షోత్పత్తి మొదలిడిరి. అమరరాజా సంస్థవారు 2023 మేలో మహబూబ్‌నగరు చెంత దివిటిపల్లిలో గొప్ప కర్మాగారమునకు శంకుస్థాపన చేయించిరి. సంతోషము. కాని ఈ విద్య సారము తెలుగున పల్లె పాఠశాలకు చేరలేదు. మన పిల్లలు ముగ్గురాతి లారీలను చూచుచు పెరుగుచున్నారు. ఆ రాయి ఏ పనికి బోవుచున్నదో వారి కెవ్వరును చెప్పరు. రాతిని మోసిన కూలికిని, రాతి గుణము నెఱిగినవాని జీతమునకును నడుమ గల యంతరము మీకు తెలియనిది కాదు. రాగిరేకులు కొండమీద నుండియు పాటలు కొన్ని శతాబ్దములు మూగవోయినట్లే, పరిశోధన పొరుగుననే యుండియు మనకు అందకున్న ఫలమేమి?

అందుచే మూడు మాటలు మనవిచేసి విరమించెదను. మొదటిది, మీ యూరి బడిపంతులను ఒకమాఱు పిలిచి, పై తరగతుల పిల్లలను తిరుపతి విశ్వవిద్యాలయమునకు గొనిపోయి భౌతికశాస్త్ర ప్రయోగశాలలను జూపుటకు తగిన యనుమతి నడుగుడని చెప్పుడు. ఊరిపెద్ద మాటకు బరువుండును. రెండవది, పని తీఱిన సెల్లులను చెఱువులో గాని, చెత్తకుప్పలో గాని, నిప్పులో గాని వేయనీకుడు. ఒక డబ్బాలో జేర్చి, పాత బ్యాటరీలు తీసికొను దుకాణమునకు బంపుడు. మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఆటవస్తువులలో, రిమోటులలో నుండు నాణెమువంటి లిథియపు బిళ్లలను పసిపిల్లలకు అందకుండ దాచుడు. మింగిన యెడల అది గొంతులో తగులుకొని, రెండు గంటలలోపుననే లోపలి కండను కాల్చివేయగలదు. అట్టి యనుమానము గలిగిన మాత్రమున, పిల్లవాడు ఆడుకొనుచున్నాడు గదా యని ఉపేక్షింపక, తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను.